యాసే ఇంటిపేరైన నటి తెలంగాణ శకుంతల

కామారెడ్డి: రంగస్థలం నుంచి వెండితెరకు వచ్చి, క్యారెక్టర్ నటిగా తెలుగు, తమిళ ప్రేక్షకులకు సుపరిచితురాలైన కడియాల శకుంతల జనానికి ‘తెలంగాణ శకుంతల’గానే గుర్తు. 1951 జూన్ 9న మహారాష్ట్రలో జన్మించిన ఆమె 2014 జూన్ 14న హైదరాబాద్ శివారులోని కొంపల్లిలో గుండెపోటుతో కన్నుమూశారు. అరవై మూడో ఏడు నిండి అప్పటికి ఐదు రోజులే. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి పన్నెండు రోజులే. ఒక ప్రాంతం పేరును తన పేరు ముందు మోసిన నటి, ఆ ప్రాంతం రాష్ట్రమైన రెండు వారాలలోపే వెళ్లిపోయారు.

ఆమె జీవితాన్ని తిరగేస్తే రెండు సంగతులు పక్కపక్కనే కనిపిస్తాయి. పల్లె యాసను తెరపై తడబాటు లేకుండా పలికి దానికో నిండుదనం తెచ్చారు. అదే యాస ఆమెను ఒకే రకం పాత్రలకు కట్టిపడేసింది. గద్దించే అత్తగా, కయ్యానికి కాలుదువ్వే పెద్దావిడగా, కత్తులు దూయించే కుటుంబ పెద్దగా కనిపించిన శకుంతలకు ఆ యాసలో కంటతడి పెట్టే పాత్రలు, ప్రేమను చెప్పే పాత్రలు దాదాపుగా దక్కలేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ ప్రాంత పాఠకులకు ఈ కథలో ప్రత్యేక ఆసక్తి ఉండదగిన కారణాలు పలు ఉన్నాయి.

సరిహద్దుకు ఆవలి నుంచి..

తెలంగాణ మాటకు తెరపై ప్రతినిధిగా నిలిచిన నటి పుట్టింది తెలంగాణలో కాదన్న విషయం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. మన జిల్లావాసులకు మాత్రం ఇందులో వింత లేదు. కామారెడ్డి జిల్లాలోని మద్నూర్, జుక్కల్, బిచ్కుంద ప్రాంతాల్లో తెలుగు, మరాఠీ, కన్నడ మాటలు ఒకే అంగడిలో వినిపిస్తాయి. మద్నూర్ మండలంలోని సలాబత్‌పూర్ దాటితే నాందేడ్ జిల్లా దెగ్లూర్ ప్రాంతం. అటువైపు ఆడపిల్లలు ఇటు కోడళ్లుగా, ఇటువైపు వారు అటు కోడళ్లుగా వెళ్లడం తరతరాల ఆచారం. నిజాం పాలనలోనూ, ఆ తర్వాత 1956 నవంబర్ 1న భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడేదాకానూ నిజామాబాద్, నాందేడ్, బీదర్ జిల్లాలు ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. పాలన గీతలు మారినా పలుకుల రాకపోకలు ఆగలేదు.

ఇంట్లో ఒక భాష, వీధిలో మరో భాష, కచేరీలో ఇంకో భాష వింటూ పెరిగినవారికి మాట తీరులోని తేడాలు తొందరగా పట్టుబడతాయి. పుట్టుకతో వచ్చిన భాషను మనిషి ఆలోచించకుండా మాట్లాడతాడు. తర్వాత నేర్చుకున్న భాషను చెవితో పట్టి, నాలుకతో సాధన చేసి మాట్లాడతాడు. శకుంతల యాసలో వినిపించే స్పష్టతకు ఈ సాధన ఒక కారణమని భావించవచ్చు.

ఈ వరుసలో ఆమె ఒంటరి కాదు. తెలంగాణ పలుకుబడికి గౌరవం కోరుతూ జీవితమంతా రాసిన ప్రజాకవి కాళోజీ నారాయణరావు తండ్రి మరాఠీ, తల్లి కన్నడిగురాలు. 1914 సెప్టెంబర్ 9న కర్ణాటకలో జన్మించిన కాళోజీ వరంగల్ ప్రాంతంలో పెరిగి ఇక్కడి భాషకు గొంతయ్యారు. ఆయన జయంతినే రాష్ట్ర ప్రభుత్వం తెలంగాణ భాషా దినోత్సవంగా పాటిస్తోంది. భాష పుట్టిన చోటుకంటే పలికిన చోటుకు చెందుతుందనడానికి కవిత్వంలో కాళోజీ, నటనలో శకుంతల ఉదాహరణలు.

నాటకం నేర్పిన విద్య

శకుంతల మొదట రంగస్థల నటి. ఆమె తరానికి నాటకాల్లో స్త్రీ పాత్ర ధరించడం సులభమైన పని కాదు. తెలుగు పద్యనాటకంలో చాలాకాలం స్త్రీ పాత్రలను పురుషులే ధరించారు. సత్యభామ పాత్రతో పేరొందిన స్థానం నరసింహారావును కేంద్ర ప్రభుత్వం 1956లో పద్మశ్రీతో గౌరవించిందంటే ఆ సంప్రదాయం ఎంత బలంగా ఉండేదో తెలుస్తుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో మొదలైన సురభి నాటక సమాజం కుటుంబంలోని స్త్రీలను వేదిక ఎక్కించి కొత్త దారి చూపింది. ఆ సమాజాల వెలుపల మాత్రం నటీమణుల కొరత దశాబ్దాల పాటు కొనసాగింది.

ఔత్సాహిక నాటక సంఘాల్లో పురుషులు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు నాటకం ఆడేవారు. నటీమణులను మాత్రం ప్రదర్శనకు ఇంత అని మాట్లాడుకుని పిలిపించేవారు. రెండు మూడు రిహార్సల్స్‌తోనే పాత్రను పట్టుకోవాలి. ఊరు మారితే తోటి నటులూ మారతారు. రాత్రి ప్రదర్శన ముగించి తెల్లవారుజాము బస్సు పట్టుకోవాలి. బంధువుల మాటలు, ఇరుగుపొరుగు చూపులు దీనికి అదనం. ఈ పరిస్థితుల్లో నిలదొక్కుకున్న నటికి కొన్ని విద్యలు తప్పనిసరిగా అబ్బుతాయి. మైకు సరిగా పనిచేయకపోయినా వెనక వరుస దాకా మాట చేరవేయడం, ఎదుటి నటుడు మాట మరిచిపోతే సందర్భం చెడకుండా అందుకోవడం, ప్రేక్షకుల నవ్వు ఆగేదాకా ఓపిక పట్టి తర్వాతి మాట వదలడం అందులో ముఖ్యమైనవి.

సినిమాల్లో శకుంతలను గమనించినవారికి ఈ విద్యలన్నీ కనిపిస్తాయి. ఆమె మాట ముందు చిన్న విరామం ఉంటుంది. చూపు ఎదుటివారిపై నిలుస్తుంది. ఆ తర్వాతే గొంతు లేస్తుంది. అరుస్తున్నప్పుడు కూడా ఒక్క అక్షరం మింగుడు పడదు. కెమెరా ముందు ఇది కొందరికి అతిగా తోచవచ్చు. కానీ నాలుగైదు నిమిషాల సన్నివేశంలో ప్రేక్షకుడి మనసులో నిలవాల్సిన క్యారెక్టర్ నటికి ఆ తీరు అక్కరకు వచ్చింది.

పెద్ద గొంతుతో స్త్రీ వేదికను ఏలడం మన ప్రాంతానికి కొత్త కూడా కాదు. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో చిందు యక్షగానానికి లోతైన మూలాలున్నాయి. చిందు మేళాల్లో ఆడవారు ఎల్లమ్మ వేషమే కాక మగ వేషాలూ కడతారు. బోధన్ సమీపంలోని అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ చిన్ననాటి నుంచి వేషాలు కట్టి, తాళం, దరువులతో వేలాది మందిని మెప్పించి, 2005లో తనువు చాలించారు. ఎల్లమ్మకు సినిమా తెర దొరకలేదు. శకుంతలకు దొరికింది. ఇద్దరి గొంతుల్లోని దమ్ము మాత్రం ఆరుబయట వేదికలు కోరుకునే దమ్మే.

‘మా భూమి’తో తొలి అడుగు

శకుంతల సినీ ప్రవేశం 1979లో నిర్మాణమై, 1980లో విడుదలైన ‘మా భూమి’తో జరిగింది. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం నేపథ్యంగా వచ్చిన ఈ చిత్రానికి ఉర్దూ రచయిత కిషన్ చందర్ రాసిన నవల ఆధారం. బెంగాలీ దర్శకుడు గౌతం ఘోష్‌కు ఇదే తొలి కథాచిత్రం. బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించారు. సాయిచంద్ ప్రధాన పాత్ర పోషించారు. బండి యాదగిరి పాటను గద్దర్ తెరపై కనిపించి పాడగా, అది ఊరూరా మారుమోగింది. చిత్రీకరణ ఎల్లారెడ్డికి పొరుగునే ఉన్న మెదక్ జిల్లాలోని మంగళ్‌పర్తిలో జరిగింది.

ఆ చిత్రం తీరే వేరు. గడీలు, వెట్టిచాకిరీ, పంట చేలు, బతుకుల బరువు కళ్లకు కట్టిన ఆ సినిమాలో తెలంగాణ పలుకు కథకు ప్రాణం. దొర మాట, జీతగాడి మాట, తల్లి మాట అన్నీ ఈ నేలవే. అక్కడ యాసను ఎవరూ నవ్వించడానికి వాడలేదు. ఉర్దూ నవల, బెంగాలీ దర్శకుడు, మహారాష్ట్రలో పుట్టిన నటి.. వీరంతా కలిసి తెలంగాణ పల్లెను తెరకెక్కించిన తొలి ప్రయత్నాల్లో అది ముఖ్యమైనది. శకుంతల నట జీవితం మొదలైన చోటును గుర్తుంచుకుంటేనే, ఆ తర్వాత ఆమె యాసను సినిమా ఎలా వాడుకుందో అర్థమవుతుంది.

‘మా భూమి’ దారిలో చిత్రాలు వెల్లువలా రాలేదు. నర్సింగరావు స్వయంగా దర్శకత్వం వహించిన ‘దాసి’ 1988లో వచ్చింది. గడీలో ఆడబాపగా బతికిన స్త్రీ కథకు నటి అర్చన జాతీయ ఉత్తమ నటి పురస్కారం అందుకున్నారు. అటువంటి చిత్రాలు వేళ్ల మీద లెక్కించదగినన్నే. ప్రధాన స్రవంతి సినిమా చాలాకాలం మద్రాసులో ఉండి, కృష్ణా, గుంటూరు ప్రాంతపు మాటనే ప్రామాణికంగా చేసుకుంది. కథానాయకుడు, కథానాయిక, వారి తల్లిదండ్రులు ఆ భాష మాట్లాడేవారు. తెలంగాణ మాట వినబడాలంటే తెరపైకి రౌడీయో, హాస్యగాడో, అవినీతి నాయకుడో రావాలి.

యాభై ఏళ్లకు వరించిన గుర్తింపు

తొలి చిత్రం విడుదలైన ఇరవై ఏళ్లకు గానీ శకుంతల ఇంటింటికీ తెలిసిన పేరు కాలేదు. 2001 ఆగస్టులో తేజ దర్శకత్వంలో విడుదలైన ‘నువ్వు నేను’ ఆ మలుపు. ఉదయ్ కిరణ్, అనిత జంటగా వచ్చిన ఆ ప్రేమకథలో కథానాయిక వైపు బంధువుగా శకుంతల చేసిన పాత్ర థియేటర్లలో ఈలలు వేయించింది. అప్పటికి ఆమె వయసు యాభై. కథానాయికలు తెరమరుగయ్యే వయసులో ఒక నటికి పేరు రావడం తెలుగు చిత్రసీమలో అరుదైన విషయం. సూర్యకాంతం, ఛాయాదేవి, నిర్మలమ్మ వంటి వారు నడిచిన బాట అది. సూర్యకాంతం గయ్యాళి అత్తకు కోస్తా మాట ఇస్తే, శకుంతల ఆ అధికారానికి తెలంగాణ మాట ఇచ్చారు.

ఆ తర్వాత అవకాశాలు వరుస కట్టాయి. 2003 సంక్రాంతికి వచ్చిన గుణశేఖర్ చిత్రం ‘ఒక్కడు’లో ప్రతినాయకుడు ఓబుల్ రెడ్డి తల్లిగా నటించారు. అదే ఏడాది ‘గంగోత్రి’లో, 2006లో ‘లక్ష్మి’లో, 2007లో ‘దేశముదురు’లో కనిపించారు. 2014 జనవరిలో విడుదలైన ‘పాండవులు పాండవులు తుమ్మెద’ ఆమె చివరి చిత్రాల్లో ఒకటి. టీవీ చానళ్లు పెరిగి, హాస్య సన్నివేశాలను విడిగా పదే పదే ప్రసారం చేసే రోజులు రావడంతో సినిమా చూడని వారికి కూడా ఆమె ముఖం, గొంతు పరిచయమయ్యాయి. టీ కొట్టు వద్ద, బస్టాండ్లో ఆమె మాటలను అనుకరించే కుర్రాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు.

రెండు యాసలు.. ఒకే గొంతు

పేరులో తెలంగాణ ఉన్నా శకుంతల రాయలసీమ యాసలోనూ అంతే పట్టు చూపారు. ‘ఒక్కడు’లోని తల్లి పాత్ర కర్నూలు ప్రాంతానిది. బయటి ప్రేక్షకుడికి రెండూ ‘పల్లె మాటలు’గా ఒకేలా వినిపించవచ్చు. నటికి మాత్రం అవి రెండు వేర్వేరు బాణీలు.

తెలంగాణలో ‘వచ్చిండు, పోయిండు’ అంటే సీమలో ‘వచ్చినాడు, పోయినాడు’ అంటారు. ఇక్కడ ‘ఏం జేస్తున్నవ్’ అని అడిగితే అక్కడ ‘ఏం చేస్తాండావ్’ అని అడుగుతారు. ఇక్కడ ‘గిట్ల, గట్ల, జర, ఇగ’ వంటి మాటలు వాక్యానికి ఊతమిస్తాయి. ఉర్దూ నుంచి వచ్చిన ‘పరేషాన్, కిరాయి, తకరారు’ వంటివి ఇంటి మాటల్లో కలిసిపోయాయి. సీమలో ‘అప్పా, యాడ, అట్లనా’ వంటివి వినబడతాయి. మాటలను మార్చినంత మాత్రాన యాస రాదు. వాక్యం చివర గొంతు ఎక్కడ లేస్తుంది, ఎక్కడ పడుతుంది, కోపంలో ఏ అక్షరం సాగుతుంది అన్నది పట్టుకోవాలి. తెలంగాణ వాక్యం తరచూ చివర తెగినట్టు ముగుస్తుంది. సీమ వాక్యం కొంత సాగుతుంది. ఈ తేడాను చెవి గుర్తించకపోతే నటన అనుకరణగా మిగిలిపోతుంది.

తెలంగాణ యాస కూడా ఒక్కటి కాదన్నది మన జిల్లాలోనే తెలుస్తుంది. దోమకొండ వారి మాటకు, మద్నూర్ వారి మాటకు తేడా ఉంది. సినిమా ఈ తేడాలను పట్టించుకోదు. అన్ని జిల్లాల మాటలను కలిపి ‘తెలంగాణ యాస’ అనే ఒకే మూసలో పోస్తుంది. ఆ మూసలోనూ శకుంతల మాట కృతకంగా అనిపించకపోవడమే ఆమె ప్రత్యేకత.

తమిళనాట ‘స్వర్ణక్క’

2003లో ధరణి దర్శకత్వంలో విక్రమ్ కథానాయకుడిగా వచ్చిన తమిళ చిత్రం ‘ధూళ్’ శకుంతలకు పొరుగు రాష్ట్రంలో పేరు తెచ్చింది. రాజకీయ నాయకుడి అండతో నేర ముఠాను నడిపే స్వర్ణక్క పాత్ర ఆమెది. అప్పటి దక్షిణాది సినిమాలో ప్రతినాయకుడి పక్కన భార్యగానో, తల్లిగానో ఉండే స్త్రీలే ఎక్కువ. స్వర్ణక్క అలా కాక, తానే ముఠాకు నాయకురాలు. కథానాయకుడితో తలపడే స్థాయి గల పాత్ర. తమిళ ప్రేక్షకులు నేటికీ ఆమెను ఆ పాత్ర పేరుతోనే గుర్తు చేసుకుంటారు. అక్కడ ఆమె పేరు ముందు ‘తెలంగాణ’ అనే మాట అర్థం తెలిసినవారు తక్కువ. అయినా నటన నిలిచింది. యాస ఆసరా లేకుండా కూడా ఆమె నటి అనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

గిరి గీసిన గుర్తింపు

మళ్లీ తెలుగు వైపు వస్తే, ఆమెకు దక్కిన పాత్రల జాబితాలోనే ఒక లోటు కనిపిస్తుంది. అరిచే స్త్రీ, కొట్టే స్త్రీ, పగబట్టే స్త్రీ అనేకసార్లు వచ్చారు. పొలం గట్టున కూర్చుని బిడ్డ కోసం ఎదురుచూసే తల్లి, గల్ఫ్ వెళ్లిన కొడుకు ఉత్తరం చదివించుకునే అవ్వ, బీడీలు చుట్టి సంసారం నడిపిన ఇల్లాలు రాలేదు. ఈ స్త్రీలు కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో ప్రతి వాడలో ఉన్నారు. వారు మాట్లాడేది ఆమె తెరపై పలికిన యాసనే. వారి కథలను రాసినవారు లేకపోయారు.

ఈ లోటు ఒక్క నటికి సంబంధించినది కాదు. 1985లో టి.కృష్ణ తీసిన ‘ప్రతిఘటన’లో కృష్ణా జిల్లా కంకిపాడుకు చెందిన కోట శ్రీనివాసరావు తెలంగాణ మాటలో మంత్రి కాశయ్య పాత్ర పోషించి సంచలనం సృష్టించారు. నటుడిగా ఆయన ప్రతిభ తిరుగులేనిది. కానీ ఆ విజయం తర్వాత తెలంగాణ మాట ప్రతినాయకుడికి, హాస్యానికి సులువైన గుర్తుగా మారింది. పట్నం కళాశాలకు వెళ్లిన మన పిల్లలు నోరు విప్పితే తోటివారు సినిమా విలన్‌ను గుర్తు చేసుకుని నవ్విన రోజులున్నాయి. తెలంగాణ ఉద్యమ కాలంలో నీళ్లు, నిధులు, నియామకాలతో పాటు ‘మా భాషను వెక్కిరించొద్దు’ అన్న మాట బలంగా వినిపించడానికి కారణం ఇదే.

ఈ చర్చలో శకుంతలను ఎక్కడ నిలపాలన్నది సులభంగా తేలే విషయం కాదు. ఆమె పాత్రలు యాసను కోపానికి, కొట్లాటకు ముడిపెట్టాయని అనేవారున్నారు. మరో పక్క, ఆమె పాత్రలకు ఎవరూ ఎదురు చెప్పలేరు. తెలంగాణ మాట మాట్లాడే హాస్యగాడు తెరపై దెబ్బలు తినేవాడు. శకుంతల పాత్ర దెబ్బలు కొట్టేది. ఆమె నోట ఆ మాట వింటే ప్రేక్షకుడు నవ్వినా, ఆ నవ్వులో కొంత భయం, కొంత మర్యాద కలిసి ఉండేవి. పాత్రను రాసిన చేతులు ఆమెవి కావు. ఇచ్చిన నాలుగు మాటలను ఎలా పలకాలన్నది మాత్రం ఆమె చేతిలో ఉండేది. అంతమేరకు ఆమె యాస పరువు దించలేదు.

క్యారెక్టర్ నటుల బతుకే అంత. కథానాయకుడికి కథ రాస్తారు. క్యారెక్టర్ నటుడికి సన్నివేశం రాస్తారు. ఒక పాత్ర పండితే పదిమంది దర్శకులు అదే పాత్రను మళ్లీ అడుగుతారు. కాదంటే కాల్షీట్ మరొకరికి వెళుతుంది. రోజు లెక్కన పారితోషికం తీసుకునే కళాకారులకు ఎంచుకునే వీలు తక్కువ.

బాన్సువాడ భానుమతి దాకా..

శకుంతల మరణించిన మూడేళ్లకు, 2017 జులై 21న శేఖర్ కమ్ముల దర్శకత్వంలో ‘ఫిదా’ విడుదలైంది. అందులో కథానాయిక భానుమతి ఊరు మన జిల్లాలోని బాన్సువాడ. చిత్రీకరణ కూడా ఈ ప్రాంతంలో జరిగింది. నిర్మాత దిల్ రాజు నిజామాబాద్ జిల్లా నర్సింగ్‌పల్లి వాసి. తమిళనాడులోని నీలగిరి ప్రాంతానికి చెందిన సాయిపల్లవి ఈ పాత్రకు తెలంగాణ మాటను నేర్చుకుని సొంత గొంతుతో డబ్బింగ్ చెప్పారు. ట్రాక్టర్ నడిపే, తండ్రిని వదిలి వెళ్లనని పట్టుబట్టే, ప్రేమలో మొండిగా నిలబడే ఆ అమ్మాయి మాట్లాడినదంతా ఇక్కడి యాసే. ప్రేక్షకులు ఆ మాటను చూసి నవ్వలేదు. ఆ మాటతో పాటు నవ్వారు, ఏడ్చారు. ఆ నటనకు సాయిపల్లవి ఫిల్మ్‌ఫేర్ పురస్కారం అందుకున్నారు.

మహారాష్ట్రలో పుట్టిన శకుంతల, నీలగిరి నుంచి వచ్చిన సాయిపల్లవి ఇద్దరూ ఈ యాసను శ్రద్ధగా నేర్చుకున్నవారే. ఒకరికి ఆ యాస గద్దించే పాత్రలు తెచ్చింది. మరొకరికి కథానాయిక పాత్ర తెచ్చింది. ఈ తేడాకు కారణం నటీమణుల ప్రతిభలో లేదు. వారి మధ్య గడిచిన కాలంలో ఉంది. 2001లో ఏ నిర్మాతా తన కథానాయికకు బాన్సువాడ మాట ఇవ్వడానికి సాహసించేవాడు కాదు.

2023 మార్చి 3న విడుదలైన వేణు ఎల్దండి చిత్రం ‘బలగం’ మరో అడుగు ముందుకు వేసింది. సిరిసిల్ల ప్రాంతంలో చిత్రీకరించిన ఆ సినిమాలో ఇంటి పెద్ద చావు చుట్టూ అల్లుకున్న అలకలు, పట్టింపులు, దుఃఖం అన్నీ తెలంగాణ మాటలోనే సాగుతాయి. అందులోని పాటకు కాసర్ల శ్యామ్ జాతీయ ఉత్తమ గీత రచయిత పురస్కారానికి ఎంపికయ్యారు. ఊళ్లలో తెరలు కట్టి జనం గుంపులుగా ఆ చిత్రం చూశారు. అందులోని మేనత్తలు, తల్లులు, అవ్వలు కొట్లాడుతారు, కానీ కొట్లాటకు కారణం ఉంటుంది. ఏడుస్తారు, ఆ ఏడుపును కథ గౌరవిస్తుంది. శకుంతల వంటి నటి ఇలాంటి కథలో ఉంటే ఎలా ఉండేదన్న ఊహ ఆ చిత్రం చూసిన పాత ప్రేక్షకులకు తట్టక మానదు.

కాలం కలిపిన మరో సంగతి ఉంది. ‘మా భూమి’లో పాడిన గద్దర్ 2023 ఆగస్టు 6న మరణించారు. రాష్ట్ర ప్రభుత్వం ఆయన పేరిట నెలకొల్పిన చలనచిత్ర పురస్కారాలను 2025 జూన్ 14న హైదరాబాద్‌లోని హైటెక్స్‌లో ప్రదానం చేసింది. అదే చిత్రంతో తెరకు పరిచయమైన శకుంతల వర్ధంతి కూడా ఆ రోజే.

నిలవని నాటకం.. మిగలని గుర్తులు

సినిమా నటుల పని ఏదో ఒక రూపంలో మిగులుతుంది. నాటకం అలా మిగలదు. శకుంతల చేసిన సినిమాలు ఈనాటికీ ఫోన్‌లో దొరుకుతాయి. ఆమె వేదికపై గడిపిన సాయంత్రాలు చూసినవారి జ్ఞాపకంలో తప్ప మరెక్కడా కనబడవు. తెర మీద ఇరవై నిమిషాల పాత్రలకు మూలధనమైన ఆ అనుభవం రికార్డుకెక్కలేదు.

ఇది మన జిల్లాకూ వర్తిస్తుంది. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. దోమకొండ, ఎల్లారెడ్డి, బాన్సువాడ, మద్నూర్ ప్రాంతాల పల్లెల్లో భాగోతాలు, చిందు మేళాలు, ఒగ్గు కథలు, జాతర నాటకాలు ఆడిన స్త్రీలు ఎందరో ఉన్నారు. వారిలో వయసు మీరినవారి వద్దే పాత బాణీలు, పాటలు, వేషం కట్టే పద్ధతులు ఉన్నాయి. వారి గొంతులను రికార్డు చేయడానికి నేడు పెద్ద పరికరాలు అవసరం లేదు. డిగ్రీ కళాశాలల తెలుగు విభాగాల విద్యార్థులు సెలవుల్లో తమ ఊరి కళాకారిణిని ఒక గంట మాట్లాడించి, ఆమె ఊరు, మేళం పేరు, కట్టిన వేషాలు, పాడిన దరువులు నమోదు చేస్తే కొంతైనా నిలుస్తుంది. ఇక్కడి యాసలో రేపు కథ రాసే వారికి, ఆ యాసను నేర్చుకునే నటికి అవే పాఠాలవుతాయి.

శకుంతల జీవితం ఒక్క చూపులో

అసలు పేరు: కడియాల శకుంతల

జననం: 1951 జూన్ 9, మహారాష్ట్ర

రంగం: నాటకం, తెలుగు, తమిళ సినిమాలు

తొలి చిత్రం: ‘మా భూమి’ (నిర్మాణం 1979, విడుదల 1980)

పేరు తెచ్చిన చిత్రం: ‘నువ్వు నేను’ (2001)

ఇతర చిత్రాల్లో కొన్ని: ‘ఒక్కడు’ (2003), ‘గంగోత్రి’ (2003), ‘లక్ష్మి’ (2006), ‘దేశముదురు’ (2007), ‘పాండవులు పాండవులు తుమ్మెద’ (2014)

తమిళంలో: ‘ధూళ్’ (2003), స్వర్ణక్క పాత్ర

ప్రత్యేకత: తెలంగాణ, రాయలసీమ యాసల్లో సంభాషణలు పలకడం

మరణం: 2014 జూన్ 14, కొంపల్లి, హైదరాబాద్